రెండు తేదీలున్న లూగర్: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, మొదటి శనివారం

పక్కింటి మామ్మగారు కాఫీకి రమ్మని పిలిచి, భోజనాల బల్ల మీద పాత తువ్వాలు మూటొకటి విప్పారు. లోపల లూగర్ అనే పాత జర్మన్ పిస్టల్. వాళ్ల నాన్నగారు 1945లో జర్మనీలో అమెరికా సైన్యంలో ఉన్నారట, ఇంటికొచ్చేటప్పుడు తెచ్చుకున్నారట. మనవడికి ఇచ్చేముందు ఇదేమిటో, ఎప్పటిదో ఒక కాగితం మీద రాసిపెట్టాలని ఆవిడ కోరిక. పాత కెమెరాలూ గడియారాలూ విప్పి చూసే పిచ్చి నాకుందని ఈ కొలంబస్ శివారు వీధిలో అందరికీ తెలుసు కాబట్టి పని నా నెత్తిన పడింది.

ఇంట్లో తరాలుగా చెప్పుకునే కథ ఇదీ: పిస్టల్ 1920లో తయారైంది, ఒక ఎస్‌ఎస్ (హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళం) అధికారి నడుముకు ఉండేది. మనవడు ఇంకో అడుగు ముందుకేశాడు. హ్యాండిల్ ముందువైపు ఎస్, డి అనే రెండక్షరాలున్నాయి, అవి ఎస్‌ఎస్ గూఢచారి విభాగం జీషర్‌హైట్స్‌డీన్‌స్ట్ గుర్తు అని అతని నమ్మకం. అమ్మకాల సైట్లలో అలాంటివాటి ధరలు చూసి కుర్రాడికి నిద్ర పట్టడం లేదు. నేనైతే ఏదీ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఇనుము మీద ఏముందో ముందు అది చూడాలి.

మనవాళ్ల కోసం ఇక్కడ ఒక మాట. అమెరికాలో హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి పిస్టల్‌ను సరదాగా చేతిలోకి తీసుకున్నా చిక్కే. నాకు గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ జోలికి వచ్చాను. అయినా పిస్టల్ ఆవిడ ఇంటి గడప దాటదు, పనంతా ఆవిడ బల్ల మీదే. ఇంకొకటి, ఇక్కడి చట్టం లెక్కలో 'యాంటిక్' అంటే 1898 చివరిలోపు తయారైన ఆయుధం మాత్రమే. ఇది ఎంత పాతదైనా ఆ కోవలోకి రాదు. యాభై ఏళ్లు దాటింది కాబట్టి సేకరణ వస్తువు కింద లెక్క, తుపాకీ మాత్రం తుపాకీయే.

మరుసటి శనివారం

మొదటి పని, ఖాళీగా ఉందో లేదో చూడటం. మ్యాగజైన్, అంటే హ్యాండిల్‌లో దూరే తూటాల డబ్బా, తీసి పక్కన పెట్టాను. టాగుల్ (పిస్టల్ పైనుండే మడత కీలు) గుండీలు రెండూ పట్టుకుని వెనక్కి, పైకి లాగితే ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, తెరుచుకుంటుంది. టార్చి వేసి కంటితో చూశాను, వేలు పెట్టీ చూశాను. ఖాళీ. లూగర్‌లో ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం) ఎడమ పక్కన 'గెలాడెన్', అంటే గుండు ఉంది, అని చెక్కి ఉంటుంది. తూటా లోపలుంటే ఎక్స్‌ట్రాక్టర్ కొద్దిగా పైకి లేచి ఆ మాట కనిపిస్తుంది. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. అలాగే సేఫ్టీ వేస్తే 'గెజిషర్ట్' అనే మాట బయటపడుతుంది. వందేళ్ల నాటి యంత్రం తన స్థితి తానే చెప్పుకోవడం నాకు భలే నచ్చింది. అలాగని ఆ మాటను నమ్ముకోకూడదు. నమ్మాల్సింది కంటినీ వేలినీ.

రెండో పని కొలతలు. బ్యారెల్ దాదాపు 10 సెంటీమీటర్లు. అంటే పదాతి దళం వాడిన మామూలు పొడవు. నేవీ వాళ్లది 15, ఫిరంగి దళం వాళ్ల పొడుగు రకం 20 సెంటీమీటర్లు. ఆ 20 సెంటీమీటర్ల రకానికి 800 మీటర్ల దాకా గీతలున్న గురి పలక కూడా ఉండేది. పిస్టల్‌తో 800 మీటర్లు! ఆ గీతలు గీసిన ఇంజనీరు ఆశావాది.

ఇది ఏ పిస్టల్ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి నిమిషం పట్టదు. జర్మన్ సైన్యం పాత ఆయుధాల్లో ఒక్కోటి ఒక్కో తీరు. 1879, 1883 నాటి రైష్‌రివాల్వర్లు ఆరు తూటాల మొరటు రివాల్వర్లు. మౌజర్ సి96కు మ్యాగజైన్ ట్రిగ్గర్ ముందు పెట్టెలా ఉంటుంది. 1938లో వచ్చిన వాల్తర్ పి38కి పైన జారే స్లైడు ఉంటుంది. లూగర్‌కు మాత్రం పైన మోకాలు మడిచినట్టు పైకి మడత పడే కీలు ఉంటుంది, దాన్నే టాగుల్ అంటారు. పేల్చినప్పుడు బ్యారెల్, ఆ కీలు కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి. వెనక ఉన్న ఏటవాలు ఫ్రేమును టాగుల్ గుండీలు తాకగానే కీలు పైకి విరుగుతుంది, ఖాళీ తూటా బయట పడుతుంది. ఈ ఊహ హ్యూగో బోర్షార్ట్‌ది, 1893 నాటి అతని పిస్టల్ లోది. దాన్ని చేతిలో ఒదిగేలా మలిచింది ఆస్ట్రియాలోని టిరోల్‌లో పుట్టిన గేయోర్గ్ లూగర్. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నేవీ, 1908లో జర్మన్ సైన్యం తీసుకున్నాయి. సైన్యం పెట్టిన పేరు పిస్టోలె 08. తూటా 9 మిల్లీమీటర్ల పారాబెల్లం, మ్యాగజైన్‌లో 8 పడతాయి.

కాబట్టి పేరు తేలింది. తేలాల్సింది వయసు.

ఆ ఆదివారం, టార్చి పని

ముద్రలు చదవాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. గదిలో లైట్లు ఆపేసి, చిన్న ఎల్‌ఈడీ టార్చిని ఇనుముకు దాదాపు సమాంతరంగా పెట్టి, ఫోను కెమెరాను ట్రైపాడ్ మీద నిలబెట్టి తీశాను. అరిగిన గీత కూడా నీడ వేస్తుంది. తోముడు, పాలిష్, గరుకు కాగితం ఏవీ దగ్గరికి రానివ్వకూడదు. మెత్తటి గుడ్డ, ఒక్క చుక్క నూనె చాలు. మనవడు ఉత్సాహంగా ఇత్తడి పాలిష్ డబ్బా తెచ్చాడు. దాన్ని వంటింట్లోనే ఉంచమన్నాను.

నాన్నకు వీడియో కాల్‌లో చూపిస్తే, "ఒరేయ్, ఈ ఫొటోలు మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, మీ అత్త హడలిపోతుంది" అన్నారు. సరేనన్నాను. నిమిషం ఆగి, "ఇంతకీ ఎవరు చేశార్రా?" అని ఆయనే అడిగారు.

ఎవరు చేశారో ముందు టాగుల్ మీదే ఉంది. మూడక్షరాలు తీగల్లా అల్లుకున్న డిడబ్ల్యుఎం చిహ్నం. డాయిషె వాఫెన్ ఉంట్ మునిషన్స్‌ఫాబ్రికెన్ అనే బెర్లిన్ కంపెనీ. ఎర్‌ఫుర్ట్‌లోని ప్రభుత్వ ఆయుధశాల చేసినదైతే అక్కడ కిరీటం, దాని కింద ఎర్‌ఫుర్ట్ అన్న పేరు ఉండేవి. నాజీల కాలంలో మౌజర్ చేసినదైతే ఎస్/42 అనో, 42 అనో, బివైఎఫ్ అనో సంకేతం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ ఆయుధాలకు హద్దులు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం కళ్లుగప్పడానికి 1934కు కె అని, 1935కు జి అని ఛాంబర్ మీద తేదీ బదులు అక్షరం కొట్టేవారు కూడా. మా పిస్టల్ మీద ఆ సంకేతాలేవీ లేవు. స్వస్తిక ఉన్న గద్ద కూడా ఎక్కడా లేదు. కుడిపక్క కిరీటం కింద పాత జర్మన్ లిపి అక్షరాలు, వాటి పక్కన కైజర్ కాలపు గద్ద. అవి చక్రవర్తి సైన్యం తనిఖీదారుల ముద్రలు.

'నాజీ పిస్టల్' అన్న కథ ఇక్కడే సగం పలచబడింది. మామ్మగారి ముఖం చూస్తే నిరాశో ఉపశమనమో తెలియలేదు.

అక్టోబరు మూడో వారం, ఛాంబర్ మీది లెక్క

ఇక అసలు చిక్కుముడి. ఛాంబర్ మీద ఒకే సంవత్సరం ఉండాలి. ఇక్కడ రెండున్నాయి. కింద 1917, దాని పైన ఇంకో వరుసలో 1920. ఇంట్లో వాళ్లకు పెద్దగా కనిపించింది పై అంకె. అందుకే '1920 లూగర్'.

రెండు వరుసల ఫొటోలు పెద్దవి చేసి పక్కపక్కన పెట్టాను. 1917 అంకెలు సమానంగా, లోతుగా, ఛాంబర్ మధ్యకు సరిగ్గా ఉన్నాయి. 1920 కొద్దిగా ఒరిగింది, తొమ్మిది పక్కన రెండు కాస్త కిందికి దిగింది. ఫ్యాక్టరీలో ఫ్రేములో బిగించి కొట్టిన ముద్ర ఒకటి, తర్వాత ఎక్కడో ఒక పనివాడు బల్ల మీద పెట్టి సుత్తితో కొట్టినది ఇంకోటి.

ఎందుకు కొట్టారో అర్థం కావాలంటే 1920 జర్మనీ చూడాలి. యుద్ధం ఓడిపోయింది. వెర్సాయ్ ఒప్పందం సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. ఇంటికి వెళ్లిపోయిన లక్షల మంది సైనికుల దగ్గరా, వీధి ముఠాల దగ్గరా, స్వచ్ఛంద దళాల దగ్గరా తుపాకులు మిగిలిపోయాయి. 1920 ఆగస్టు 7న జనం దగ్గరున్న సైనిక ఆయుధాలు అప్పగించాలని చట్టం వచ్చింది. అప్పుడు ఏది ప్రభుత్వానిది, ఏది దొంగిలించింది అని తేల్చాలి కదా. సైన్యం, పోలీసుల దగ్గర అధికారికంగా ఉన్న ఆయుధాల మీద 1920 అని కొట్టారు. సేకర్తలు ఈ ముద్రను అలాగే చదువుతారు. అంటే ఆ అంకె తయారీ సంవత్సరం కాదు, 'ఇది సర్కారు సొత్తు' అన్న ముద్ర. రెండు తేదీల లూగర్లు సేకర్తల మధ్య అరుదేమీ కావు. ఇలాంటివాటిని వాళ్లు 'డబుల్ డేట్' అనే పిలుస్తారు.

పై అంకెను తయారీ తేదీగా చదవడానికి అడ్డు ఇంకొకటి ఉంది. 1920లో తయారై ఉంటే కుడిపక్క కిరీటాలు ఉండవు. 1918 నవంబరులో కైజర్ దేశం వదిలి పోయాడు, కిరీటంతో తనిఖీ చేసేవాడు లేడు. తేదీ ఒక్కటే చూసి వయసు కట్టకూడదని నేను మొదటి నుంచీ అనుకునేది ఇందుకే. తేదీ, తయారీదారు, తనిఖీ ముద్ర మూడూ ఒకే కథ చెప్పాలి. ఇక్కడ 1917, డిడబ్ల్యుఎం, కిరీటాలు ఒక జట్టు. 1920 వేరే జట్టు.

ఫ్రేము ఆకారం కూడా దీనికి తగ్గట్టే ఉంది. వెనక కింద కర్రబట్ తగిలించడానికి చిన్న కొక్కెం ఉంది. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక టాగుల్ తెరుచుకుని నిలిచిపోయే ఏర్పాటూ ఉంది. సైన్యపు పిస్టళ్లలో ఈ రెండూ 1913 నుంచి మామూలయ్యాయి. తొలినాళ్ల పిస్టళ్లలో ఉండవు.

అక్టోబరు చివర, నంబర్లు

ఫ్రేము ముందువైపు బ్యారెల్ కింద 6217, దాని కింద వంకర తిరిగిన చిన్న సి. బ్యారెల్ కింద అదే నంబరు, ఎడమవైపు రిసీవర్ (బ్యారెల్ వెనక టాగుల్‌ను పట్టి ఉంచే పై భాగం) మీద అదే నంబరు. ఆ చిన్న సి అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సైనిక లూగర్లకు ప్రతి సంవత్సరం 1 నుంచి లెక్క మొదలుపెట్టేవారు. 10000 దాటాక మళ్లీ 1 నుంచి, ఈసారి పక్కన ఎ. తర్వాత బి, సి. కాబట్టి ఒకే ఫ్యాక్టరీ, ఒకే సంవత్సరంలో 6217 అనే నంబరు గల పిస్టళ్లు చాలానే ఉంటాయి. పూర్తి పేరు చెప్పాలంటే డిడబ్ల్యుఎం, 1917, 6217 సి, ఈ నాలుగూ కలిపి చెప్పాలి. వట్టి నంబరు ఇచ్చి వయసు చెప్పమని అడిగేవాళ్లకు జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

చిన్న భాగాల మీద చివరి రెండంకెలు, 17, ఉండాలి. ట్రిగ్గర్ మీద 17. సేఫ్టీ మీట మీద 17. సైడ్ ప్లేట్ మీద, వెనక టాగుల్ మీద 17. విప్పడానికి వాడే చిన్న లీవరు మీద 17. మనవడు ప్రతి 17కీ కాగితం మీద టిక్కు పెడుతూ పోయాడు. ఫైరింగ్ పిన్, అంటే తూటా వెనక కొట్టి పేల్చే సూది, దగ్గర ఆగాడు. దాని మీద 46. 

"అయితే దొంగ పిస్టలా?" అన్నాడు. అబ్బే. ఫైరింగ్ పిన్ విరిగితే మార్చేది. ఇరవయ్యేళ్లు డ్యూటీ చేసిన ఆయుధంలో అది మాత్రం మారి ఉండటం, అన్నీ అచ్చంగా సరిపోవడం కన్నా నమ్మదగింది. సేకర్తల ధరల పట్టికలో మాత్రం ఒక మెట్టు దిగుతుంది. ఆ బాధ అతనిది.

గ్రిప్ పలకలు, అంటే హ్యాండిల్ రెండు పక్కలా ఉండే కర్ర ముక్కలు, తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎడమ పలక పైమూల సేఫ్టీ మీట పక్కన చాలా పలచగా ఉంటుంది. స్క్రూ తీసి పలకను మెలిపెడితే ఆ మూల చిట్లుతుంది. చిట్లిన లూగర్ గ్రిప్పులు లోకంలో లెక్కలేనన్ని. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే బిట్టు వాడి, పలకను నిటారుగా పైకి లేపాలి. వాల్‌నట్ కర్ర, గళ్లు బాగా అరిగిపోయాయి. లోపలివైపు 17.

నవంబరు మొదట్లో, సైడ్ ప్లేట్ కింద

ఈ పిస్టల్ గురించి నేను నేర్చుకున్నదంతా ఒకెత్తు, ఈ రోజు కనిపించిన చిన్న కంత ఒకెత్తు.

లూగర్ విప్పడం తేలిక. బ్యారెల్‌ను బల్లకు ఆనించి కొంచెం నొక్కితే పై భాగం వెనక్కి జరుగుతుంది. ఎడమవైపు లీవరును కిందికి తిప్పి సైడ్ ప్లేట్ ఊడదీస్తే, పై భాగమంతా ముందుకు జారి చేతిలోకి వస్తుంది. ఇక్కడే ఈ డిజైన్‌లో ఒక ప్రమాదం దాగి ఉంది. ట్రిగ్గర్‌కూ సియర్‌కూ (ఫైరింగ్ పిన్‌ను పట్టి ఉంచి, నొక్కితే వదిలే మీట) మధ్య లంకె వేసేది ఆ సైడ్ ప్లేట్. అది తీసేస్తే పిస్టల్ ఇక పేలదని ఎవరైనా అనుకుంటారు. కానీ సియర్ బయటికి, రిసీవర్ ఎడమ పక్కన పొడవుగా ఉంటుంది. ఛాంబర్‌లో తూటా మర్చిపోయి ఉంటే, తుడుస్తున్నప్పుడు బొటనవేలు దాని మీద పడ్డా చాలు, ఫ్రేము లేకుండానే పేలుతుంది. అందుకే నేను విప్పే ముందు మళ్లీ ఛాంబర్ చూశాను, మనవణ్నీ చూడమన్నాను.

పోలీసు స్టేషన్లలో రోజూ తుడిచే ఆయుధాలకు ఇది పెద్ద తలనొప్పే. 1930ల తొలినాళ్లలో జర్మన్ పోలీసులు దీనికి విరుగుడుగా సియర్ పక్కన చిన్న స్ప్రింగు ఆకు ఒకటి రివెట్ చేయించారు. సైడ్ ప్లేట్ ఉన్నప్పుడు ఆ ఆకు అడ్డు తొలగి ఉంటుంది. ప్లేట్ తీయగానే సియర్‌కు అడ్డం పడుతుంది. సైన్యం తన పిస్టళ్లకు దీన్ని పెట్టించలేదు. కాబట్టి అది గానీ, దాని ఆనవాలు గానీ కనిపిస్తే ఆ లూగర్ పోలీసుల చేతుల్లో నడిచిందని గట్టిగా చెప్పొచ్చు.

మా పిస్టల్‌లో ఆకు లేదు. కానీ సియర్ మీద గుండ్రటి చిన్న కంత ఉంది, ముందువైపు రిసీవర్‌లో అరిగిన రివెట్ తల ఉంది. ఆకును తర్వాతెవరో తీసేశారు. చాలా వాటిలో అలాగే తీసేశారు. కంత మాత్రం ఎక్కడికి పోతుంది!

ఇప్పుడు హ్యాండిల్ ముందువైపు ముద్ర అర్థం తేలిపోయింది. ఎస్, చుక్క, డి, చుక్క, రోమన్ అంకెల్లో మూడు, చివర 148. అప్పట్లో జర్మనీలో అతి పెద్ద రాష్ట్రమైన ప్రష్యా పోలీసులు ఆయుధాల మీద ముద్ర వేసే పద్ధతి ఇదే. మొదటి అక్షరం షుట్స్‌పొలిట్సై, అంటే యూనిఫాం వేసుకుని వీధుల్లో తిరిగే పోలీసు. రెండోది జిల్లా, డ్యుసెల్‌డార్ఫ్. రోమన్ అంకె ఆ జిల్లా పోలీసుల్లో ఒక విభాగం. చివరి అంకె ఆ విభాగంలో ఆయుధం నంబరు. గూఢచారి విభాగానికీ దీనికీ చుట్టరికం లేదు. రెండక్షరాలు కలిసినంత మాత్రాన సరిపోదు, వాటి తర్వాత వచ్చే అమరికను కూడా చదవాలి.

అమ్మేవాళ్లలో కొందరికి ఈ సంగతి తెలియదు. కొందరికి బాగా తెలుసు, చెప్పరు. నా దృష్టిలో రెండో రకం పచ్చి మోసం. ఆ రెండక్షరాలు చూసి వీధి పోలీసు పిస్టల్‌ను ఎస్‌ఎస్ పిస్టల్ అని రెట్టింపు పెట్టి కొన్నవాళ్లుంటారు. మనవడు ముఖం వేలాడేశాడు గానీ, కంతను ఫొటో తీయడంలో మాత్రం నాకన్నా శ్రద్ధ చూపించాడు.

అదే వారం, మిగిలిన ముక్కలు

బ్యారెల్ కింద సీరియల్ నంబరు దగ్గర 8,82 అని ఉంది. దశాంశానికి చుక్క బదులు కామా, జర్మన్ పద్ధతి. ఇది తేదీ కాదు, కోడ్ కూడా కాదు. బ్యారెల్ లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. ఒక్కో బ్యారెల్ కొలిచి కొట్టేవారు, అందుకే 8,81 నుంచి 8,84 వరకు రకరకాలుగా కనిపిస్తాయి. బ్యారెల్ మీద ఫ్రేము నంబరే ఉండటం, కిరీటపు గద్ద కూడా ఉండటం చూస్తే ఇది మొదటి నుంచీ ఉన్న బ్యారెలే.

మ్యాగజైన్ మాత్రం వేరే ఊరి చుట్టం. 1917 నాటిదైతే అడుగున కర్ర బిరడా ఉండాలి, దాని మీద పిస్టల్ నంబరు ఉండాలి. దీనికి నల్లటి ప్లాస్టిక్ అడుగు, గొట్టం పక్కన ఎఫ్‌ఎక్స్‌ఓ అనే మూడక్షరాలు. అది యుద్ధకాలపు కోడ్, జూల్‌లోని హేనెల్ కంపెనీది. 1940ల మ్యాగజైన్ 1917 పిస్టల్‌లోకి ఎక్కింది. ఎప్పుడెక్కిందో ఇనుము చెప్పదు. యుద్ధంలో ఎవరో ఇచ్చి ఉండొచ్చు, 1945లో సైనికులు సామాన్లు మార్చుకున్నప్పుడు కలిసి ఉండొచ్చు. 'తర్వాతది' అని రాసి ఊరుకున్నాను.

పైపూత సంగతి కూడా. ట్రిగ్గర్, సేఫ్టీ మీట, విప్పే లీవరు గడ్డి రంగులో పసుపుగా ఉన్నాయి. అది పెయింట్ కాదు, ఉక్కును కాల్చి చల్లార్చేటప్పుడు వచ్చే రంగు. 1937 ప్రాంతంలో మౌజర్ ఈ పద్ధతి వదిలేసి అన్నీ నల్లగా చేయడం మొదలుపెట్టింది. మా పిస్టల్ మీద పసుపు అక్కడక్కడా మిగలడం, నల్లటి చోట ముద్రల అంచులు పదునుగా ఉండటం చూస్తే దీనికి కొత్త పూత వేయలేదనే నమ్మకం కలుగుతుంది. మళ్లీ పూత వేసేవాళ్లు ముందు పాలిష్ చేస్తారు, అప్పుడు అక్షరాల అంచులు కరిగిపోతాయి. వేలి కింద తుప్పు మచ్చలు కొన్నున్నాయి, వాటి జోలికి పోలేదు.

నవంబరు మూడో వారం, కాగితం

మామ్మగారు పాత ఉత్తరాల పెట్టెలో మడతపెట్టిన టైపు కాగితం ఒకటి పట్టుకొచ్చారు. స్వాధీనం చేసుకున్న శత్రు సామగ్రిని ఇంటికి తీసుకెళ్లడానికి సైనికుడికి అధికారి ఇచ్చే అనుమతి పత్రం. తేదీ 1945 మే. 'పిస్టల్, జర్మన్, ఒకటి, 6217'. సి లేదు. కింద ఒక కెప్టెన్ సంతకం. ఊరి పేరు లేదు.

ఆ సి లేకపోవడం నన్ను కాసేపు కూర్చోబెట్టింది. 6217 అనే లూగర్లు ఎన్నో ఉండగా, ఈ కాగితం ఈ పిస్టల్‌దే అని ఎలా అంటాం? కానీ కాగితం మీద ఉన్న పేరు ఆవిడ నాన్నగారిది. ఆ ఇంట్లో ఉన్న పిస్టల్ ఒక్కటే, నంబరు అంకెకు అంకె కలిసింది. అలాంటి పత్రాల్లో అక్షరం వదిలేయడం మామూలే, అమెరికన్ గుమాస్తాకు ఆ వంకర గీత అక్షరంలా కనిపించి ఉండదు. నాకు సరిపోతుంది. రాసేటప్పుడు మాత్రం 'అక్షరం లేదు' అని స్పష్టంగా రాశాను.

ఇక డ్యుసెల్‌డార్ఫ్. ఈ పేరు తేలాక మనవడు ఆ ఊరి 1945 సంగతులు చదవడం మొదలుపెట్టాడు. ఆ ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యాలు పశ్చిమ జర్మనీలోని పరిశ్రమల ప్రాంతం రూర్‌ను చుట్టుముట్టి 3 లక్షలకు పైగా జర్మన్ సైనికులను బందీలుగా పట్టుకున్నాయి. డ్యుసెల్‌డార్ఫ్ దాదాపు చివరగా లొంగింది. ఏప్రిల్ 16న ఆ నగర షుట్స్‌పొలిట్సై కమాండర్ ఫ్రాన్స్ యుర్గెన్స్, కొందరు పౌరులతో చేతులు కలిపి, పోలీసు ప్రెసిడెంట్ ఆగస్ట్ కొర్రెంగ్‌ను నిర్బంధించాడు. నగరాన్ని పోరు లేకుండా అప్పగించాలని వాళ్ల ప్రయత్నం. నాజీలకు తెలిసిపోయింది, కొర్రెంగ్‌ను విడిపించారు. యుర్గెన్స్‌నూ మరో నలుగురినీ ఆ రాత్రే కాల్చి చంపారు. అప్పటికే అలోయిస్ ఓడెన్‌తాల్, ఆగస్ట్ వీడెన్‌హోఫెన్ అనే ఇద్దరు అమెరికన్ల దగ్గరికి బయల్దేరారు. వాళ్ల మాటతోనే ఏప్రిల్ 17న అమెరికన్ సైన్యం పెద్దగా యుద్ధం లేకుండా లోపలికి వచ్చింది.

మనవడు ఇది చదివి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అంటే ఇది ఆ పోలీసుల్లో ఒకరిది అయ్యుంటుంది కదా!" ఎస్‌ఎస్ కథ పోయిన చోట ఇంకా మంచి కథ దొరికిందన్న సంబరం. నేనే నీళ్లు చల్లాల్సి వచ్చింది. ముద్రలో ఉన్న డి నగరం ఒక్కటే కాదు, మొత్తం పరిపాలనా జిల్లా. ఎసెన్, డూయిస్‌బుర్గ్ లాంటి పెద్ద ఊళ్లు ఆ జిల్లాలోవే. పైగా ఆ ముద్ర పడింది యుద్ధానికి ఏళ్ల ముందు. 1930ల్లో కొత్త పిస్టళ్లు వచ్చాక పాతవి చేతులు మారాయి, వేరే ఊళ్లకు పోయాయి. 1945 ఏప్రిల్‌లో ఇది ఎవరి నడుముకు ఉందో చెప్పే ముద్ర దీని మీద లేదు. మామ్మగారు మాత్రం యుర్గెన్స్ పేరు ఒక చీటీ మీద రాయించుకున్నారు, పిస్టల్ కోసం కాదు, చదువుకోవడానికి.

నవంబరు చివర, రాతకోతలు

చివరి కాగితం రెండు భాగాలుగా రాశాను. మొదటి భాగంలో ఇనుము చెప్పినవి: తయారీ బెర్లిన్ డిడబ్ల్యుఎం, 1917. నంబరు 6217 సి. సైన్యపు తనిఖీ ముద్రలు. ప్రభుత్వ సొత్తుగా ముద్ర 1920. ప్రష్యా షుట్స్‌పొలిట్సై, డ్యుసెల్‌డార్ఫ్ జిల్లా, మూడో విభాగం, ఆయుధం 148. పోలీసు సియర్ సేఫ్టీ 1930ల తొలినాళ్లలో పెట్టి, తర్వాత తీసేశారు. ఫైరింగ్ పిన్ మారింది. మ్యాగజైన్ 1940ల నాటిది. కొత్త పూత లేదు.

రెండో భాగంలో కాగితమూ మనుషులూ చెప్పినవి: 1945 మే నాటి అనుమతి పత్రం, అక్షరం లేకుండా నంబరు, నాన్నగారి పేరు. 'ఎస్‌ఎస్ అధికారి' కథను కూడా రాశాను, 'కుటుంబంలో చెప్పుకునేది, పిస్టల్ మీద ఆధారం లేదు' అని పక్కన పెట్టి. కొట్టేయమని మనవడు అన్నాడు. వద్దన్నాను. నాన్నగారు నిజంగా అలా చెప్పారో, తర్వాత ఎవరో కలిపారో తేల్చడం నా పని కాదు. కథ ఉండేది అన్న విషయం కూడా ఈ పిస్టల్ చరిత్రలో భాగమే.

ఫొటోలు తేదీలవారీగా ఒక పెన్‌డ్రైవ్‌లో, ప్రింట్లు ఒక కవరులో పెట్టాం. అనుమతి పత్రం అసలు కాపీ పిస్టల్‌తో పాటు ఉంచవద్దని చెప్పాను, ఇనుముకు రాసిన నూనె కాగితాన్ని తినేస్తుంది. దాన్ని ఆమ్లం లేని కవరులో పెట్టి, పిస్టల్ ఉన్న ఇనప పెట్టెలో కాకుండా వేరుగా దాచారు. తోలు ఒర ఉంటే దానిలోనూ పిస్టల్ ఉంచకూడదు, తోలులో తేమ పట్టి తుప్పు పుడుతుంది. అదృష్టం, వీళ్ల దగ్గర ఒర లేదు.

ఇంకా మిగిలినవి: ఎడమ రిసీవర్ ఫొటో మసకగా వచ్చింది, మళ్లీ తీయాలి. మనవడు ఫైరింగ్ పిన్ 17 అని చెక్కినది ఒకటి కొని వేస్తానంటున్నాడు. దాన్ని ఆపాలి.